కుర్చీలో కూర్చునేది ఒకరు, ఎత్తేది మరొకరు



ఈ పేజీలో ఎప్పుడూ బి.పి. గురించో, షుగరు గురించో, పిల్లల టీకాల గురించో రాస్తుంటాము. ఈసారి ఒక వస్తువు గురించి రాయాలనుకున్నాము. అది చక్రాల కుర్చీ. "అందులో రాయడానికేముంది సిస్టర్? షాపుకెళ్తే ఇస్తారు, తెచ్చుకుంటే సరి" అని మీరు అనవచ్చు. మేమూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాము. అది మా పొరపాటని ముందే ఒప్పుకుని మొదలుపెడుతున్నాము.

కొంతకాలం క్రితం పక్షవాతం వచ్చిన ఒక రైతును మా వార్డు నుంచి ఇంటికి పంపాము. అరవై దాటిన మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. డిశ్చార్జి కాగితం మీద మందులన్నీ రాసి, చివరి వరుసలో "వీల్‌చైర్ అవసరం" అని రాసి ఇచ్చాము. ఎలాంటిది కావాలి, ఎంత కొలత, ఎంత బరువు అన్నది రాయలేదు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోనులోనే మాట్లాడి టౌనులోని సర్జికల్ షాపు నుంచి స్టీలు కుర్చీ ఇంటికి పంపించాడు. గట్టిది, పదికాలాలు ఉంటుందని షాపువాళ్లు చెప్పారట.

నాలుగు నెలలకు ఆయన నడుము కింద పుండుతో తిరిగి వచ్చారు. పక్కన ఆయన భార్య నడుముకు బెల్టు పెట్టుకుని వచ్చింది. "కుర్చీ కొనలేదా అమ్మా?" అని అడిగాము.

"కొన్నామండి సిస్టరుగారూ. వసారాలో ఉందండి. దాని మీద బట్టలు ఆరేసుకుంటున్నాం" అంది.

నిదానంగా కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి తెలిసింది. వాళ్ల ఇంటి అరుగుకు మూడు మెట్లు. కుర్చీ బరువు ఇరవై కిలోలు. ఆమె బరువే నలభై అయిదు కిలోలకు మించదు. రోజూ సాయంత్రం ఆయన్ని వీధిలోకి తీసుకురావాలంటే పక్కింటి అబ్బాయి చేత ఆయన్ని దింపించి, కుర్చీని తానే దింపాలి. తిరిగి వచ్చాక మళ్లీ ఎక్కించాలి. మొదటి నెల చేసింది. రెండో నెలలో నడుము పట్టేసింది. ఆ కుర్చీ స్నానాల గది తలుపులో పట్టలేదు. ఆసుపత్రికి రావాలంటే ఆటో అతను కుర్చీని చూసి ఇంకో బండి చూసుకోమన్నాడు. ఆఖరికి ఆయన్ని మంచం మీదే ఉంచేసింది. కదలకుండా ఉన్న మనిషికి పడకపుండు రాక ఏమవుతుంది?

ఆ పుండు ఆమె నిర్లక్ష్యం వల్ల వచ్చిందని మేము అనలేము. మేము రాసిన ఆ ఒక్క వరుసకు కూడా అందులో పాలు ఉంది.

అందుకే ఈ మాట గట్టిగా చెప్పదలచుకున్నాము. చక్రాల కుర్చీ ఒక్కరి కోసం కొనే వస్తువు కాదు. కూర్చునేది ఒకరు, తోసేది, మడిచేది, ఎత్తేది మరొకరు. మన ఇళ్లలో ఆ రెండో మనిషి ఎక్కువగా భార్య, కూతురు లేదా కోడలు. కొనేటప్పుడు మాత్రం ఆమెను ఎవరూ అడగరు. ఆమె నడుము పోతే కుర్చీ మూలన పడుతుంది. కుర్చీ మూలన పడితే రోగి మంచాన పడతాడు.

బరువు సంగతి

షాపుల్లో ఎక్కువగా కనిపించే స్టీలు మడత కుర్చీ పదిహేడు నుంచి ఇరవై కిలోల దాకా ఉంటుంది. ఇరవై కిలోలంటే ఎంతో తెలియాలంటే ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్నును తలచుకోండి. ఆ టిన్నుకు చక్రాలు, గొట్టాలు మొలిచి, పట్టుకోవడానికి సరైన చోటు లేకపోతే ఎలా ఉంటుందో ఈ కుర్చీ అలా ఉంటుంది. అల్యూమినియం మడత కుర్చీ పన్నెండు నుంచి పదిహేను కిలోల మధ్య ఉంటుంది. ఇంచుమించు అయిదు కిలోల తేడా చదవడానికి చిన్నదే. రోజుకు నాలుగుసార్లు ఎత్తి దించే యాభై ఏళ్ల స్త్రీ నడుముకు అది చిన్నది కాదు.

ఈ మడత కుర్చీ ఎలా పుట్టిందో తెలుసుకోవడం కూడా మంచిదే. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే ఇంజనీరుకు 1918లో గని ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. ఆయన, స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి 1933లో కారులో పట్టేలా మడిచే గొట్టాల కుర్చీ తయారుచేశారు. నేటి షాపుల్లోని స్టీలు కుర్చీ చాలావరకు ఆ నమూనాయే. తర్వాత 1978లో మారిలిన్ హామిల్టన్ అనే ఆమె గాలిలో ఎగిరే గ్లైడరు ప్రమాదంలో నడక కోల్పోయింది. ఆసుపత్రిలో ఇచ్చిన బరువు కుర్చీ తనకు వద్దని, గ్లైడర్లు చేసే స్నేహితుల చేత గ్లైడరుకు వాడే తేలిక అల్యూమినియం గొట్టాలతో కుర్చీ చేయించుకుంది. చూశారా, రెండుసార్లూ మార్పు తెచ్చింది కుర్చీలో కూర్చున్నవాళ్లే. ఉన్నదానితో సర్దుకుపోదామని వాళ్లు అనుకోలేదు.

మన దేశంలోనూ పని జరుగుతోంది. ఐఐటీ మద్రాసులో వికలాంగుల పరికరాల మీద పనిచేసే ఆర్2డీ2 కేంద్రం నుంచి 2020లో నియోఫ్లై అనే కుర్చీ వచ్చింది. మనిషి కొలతలను బట్టి దాన్ని అమర్చి ఇస్తారు. 2025లో అదే కేంద్రం నుంచి తొమ్మిది కిలోల వైడీ వన్ వచ్చింది. ఇవి వెన్నెముక దెబ్బతిన్నా చేతుల్లో బలం ఉండి, తమ కుర్చీని తామే నడుపుకునే యువతీయువకులకు బాగా పనికివస్తాయి. ఖరీదు ఎక్కువే. అందరికీ ఇవే కావాలని మేము అనడం లేదు. మంచి కుర్చీలు విదేశాల్లోనే దొరుకుతాయన్న మాట మాత్రం ఇక చెల్లదు.

తేలిక ఒక్కటే చాలదు

తేలికగా ఉందని ఏది పడితే అది కొనకండి. నాలుగూ చిన్న చక్రాలే ఉండే కుర్చీలు వస్తున్నాయి. అవి చాలా తేలిక. ఆటోలో, కారులో సులువుగా పడతాయి. కానీ కూర్చున్నవారు తమంతట తాము నడుపుకోలేరు. మన పల్లెల్లోని కంకర రోడ్డు మీద, మురుగుకాలువ పలకల మీద ఆ చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. ఆసుపత్రి వరండాలో చక్కగా నడిచిన కుర్చీ చేను గట్టున నడవదు. బయట తిరిగేవారికి వెనుక పెద్ద చక్రాలు, ముందు కాస్త పెద్దవి, వెడల్పైనవి ఉండాలి.

ఇంకో సంగతి. స్టీలు కుర్చీ విరిగితే ఊళ్లో వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చు. అల్యూమినియం అతికేవాళ్లు అన్నిచోట్లా ఉండరు. కాబట్టి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో షాపులో ముందే అడగండి. తేలిక కుర్చీ వెనక్కి తూలే అవకాశమూ ఉంటుంది. వెనుక సంచులు తగిలించకండి. తూలకుండా ఆపే చిన్న చక్రాలు వెనుక ఉంటే మరీ మంచిది. ఎంత బరువున్న మనిషికి సరిపోతుందో కుర్చీ కాగితాల మీద రాసి ఉంటుంది, అది తప్పక చూడండి.

టైలరు టేపు తీసుకోండి

చొక్కా కుట్టించాలంటే కొలత ఇస్తాము. రోజుకు ఆరు గంటలు కూర్చునే కుర్చీకి మాత్రం కొలత అడగము. ఈ కొలతలు ఒక కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి.

1. తుంటి వెడల్పు. రోగిని గట్టి బల్ల మీద కూర్చోబెట్టి ఈ పక్క నుంచి ఆ పక్కకు కొలవండి. సీటు దానికంటే అంగుళం ఎక్కువ ఉంటే చాలు. వదులు కుర్చీలో మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు. బిగుతైతే తొడలు ఒరుసుకుంటాయి.

2. సీటు లోతు. వీపు ఆనించి కూర్చున్నాక మోకాలి వెనుక, సీటు అంచుకు మధ్య రెండు మూడు వేళ్లు పట్టే ఖాళీ ఉండాలి.

3. కాలి పొడవు. పాదం ఫుట్‌రెస్ట్ మీద పూర్తిగా ఆనాలి, తొడ సీటు మీద ఆనాలి. ఫుట్‌రెస్ట్ నేలకు కనీసం రెండంగుళాల పైన ఉండాలి.

4. సీటు ఎత్తు. మామూలు కుర్చీ సీటు నేల నుంచి ఇరవై అంగుళాల ఎత్తు ఉంటుంది. పక్షవాతం వచ్చినవారు బాగున్న చెయ్యి, బాగున్న కాలితో కుర్చీని నడుపుకోగలరు. అందుకు మడమ నేలకు ఆనాలి. చాలామందికి పదిహేడు, పద్దెనిమిది అంగుళాల సీటు కావాలి.

5. మీ ఇంటి తలుపులు. సీటు వెడల్పుకు చక్రాలు కలుపుకుంటే ఇంచుమించు ఎనిమిది అంగుళాలు పెరుగుతుంది. పద్దెనిమిది అంగుళాల సీటున్న కుర్చీ ఇరవై ఆరు అంగుళాలు ఆక్రమిస్తుంది. స్నానాల గది తలుపు తెరిచాక మిగిలే ఖాళీ ఎంతో కొలవండి.

సీటు మీద కుషన్ తప్పనిసరి. గుడ్డ సీటు మీద నేరుగా కూర్చోబెట్టవద్దు. మధ్యలో రంధ్రం ఉండే గాలి రింగు మంచిదని చాలామంది కొంటారు. అది వాడకండి. రింగు అంచు దగ్గర ఒత్తిడి పెరిగి, మధ్యలో రక్తప్రసారం తగ్గి పుండుకు దారితీస్తుంది. మంచి ఫోము కుషన్ వేసి, ప్రతి పావుగంట, అరగంటకు ఒకసారి మనిషిని ముందుకు వంచి, పక్కలకు ఒరిగించి ఒత్తిడి మార్చండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. డబ్బు ఇవ్వకముందే, రోజూ చూసుకునే మనిషి షాపులోనే ఆ కుర్చీని మడిచి, ఎత్తి, ఆటోలో పెట్టి, దింపి, విప్పి చూడాలి. ఫుట్‌రెస్టులు, వెనుక చక్రాలు ఊడదీయగలిగితే బరువు తగ్గుతుంది, అదీ చేసి చూడాలి. ఎత్తేటప్పుడు ఊడివచ్చే భాగాలను కాకుండా అసలు ఫ్రేమును పట్టుకోవాలి. షాపువాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. రేపు ఎత్తాల్సింది వాళ్లు కాదు కదా!

డబ్బు, కాగితాలు

మా చుట్టుపక్కల స్టీలు కుర్చీ ఆరేడు వేలకు దొరికితే, అల్యూమినియం కుర్చీ పది వేలు దాటుతుంది. "ముసలాయనకు అంత ఖరీదైనదెందుకు?" అనే మాట మా ఎదుటే అన్నవాళ్లున్నారు. పడకపుండు మానడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. కట్లు, మందులు, ఆటో ఖర్చులు, పోయిన కూలి, ఇంటావిడ నడుము చికిత్స అన్నీ కలిపి లెక్క వేస్తే ఏది ఖరీదో మీకే తెలుస్తుంది. కాలు విరిగి ఆరు వారాలకే కుర్చీ కావలసినవారు కొనవద్దు. చాలా సర్జికల్ షాపులు నెల అద్దెకు ఇస్తాయి.

కొనలేనివారికి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉండి, ఆదాయ పరిమితికి లోబడినవారికి పరికరాలు ఇస్తారు. వైకల్య ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలు సిద్ధం చేసుకోండి. సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు గానీ లేనివారు ముందు ఆ పని చూసుకోండి. అరవై దాటిన పేద వృద్ధులకు 2017లో మన నెల్లూరులోనే ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. ఈ పరికరాల్లో ఎక్కువ భాగం కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేసి ఇస్తుంది. శిబిరం ఎప్పుడో జిల్లా కేంద్రంలోని సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అడిప్ కింద ఒకసారి పరికరం తీసుకుంటే మామూలుగా మూడేళ్ల దాకా అలాంటిదే మళ్లీ ఇవ్వరు. కాబట్టి పేర్లు రాసుకునే శిబిరానికి కాగితాలు మాత్రమే పంపకండి, వీలైతే రోగిని కూడా తీసుకెళ్లండి. కొలత తీయమని మర్యాదగానే, గట్టిగా అడగండి. ఉచితంగా ఇస్తున్నారు కదా, ఎలా అడుగుతాం అని సిగ్గుపడవద్దు.

దానం చేసే పెద్దలకూ ఒక మనవి. సంఘాలు, క్లబ్బులు, విదేశాల్లో స్థిరపడ్డ మన పిల్లలు ప్రేమతో కుర్చీలు ఇస్తున్నారు. సంతోషం. కానీ ఇరవై మందికి ఇరవై కుర్చీలు ఒకే కొలతలో ఇస్తే ఫొటో బాగుంటుంది గానీ, అందులో సగం వసారాల్లోకే చేరతాయి. ఇరవైకి బదులు పది ఇవ్వండి. కొలత తీసి ఇవ్వండి, కుషన్‌తో ఇవ్వండి. పేదవాళ్లకు ఏదో ఒకటి చాలు అనుకోవడం మాకు సమ్మతం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కుర్చీ అందించే పనిని ఎనిమిది మెట్లుగా విడదీసింది. అందులో కొలత తీయడం, అమర్చడం, వాడడం నేర్పడం, తర్వాత మరమ్మతు చూడడం అన్నీ ఉన్నాయి. చేతికి ఇచ్చి పంపేయడంతో పని పూర్తికాదు.

కుర్చీ అంటే ఓటమి కాదు

కొందరు కుర్చీ తెస్తామంటే రోగి ముందు ఆ మాట అనవద్దంటారు. "కుర్చీ ఎక్కిస్తే ఇక నడవడని ఒప్పుకున్నట్లే కదమ్మా" అంటారు. మేము వాళ్లకు వేలూరు డాక్టర్ మేరీ వర్గీస్ గారి గురించి చెబుతాము. 1954లో జరిగిన ప్రమాదంలో ఆమె వెన్నెముక దెబ్బతిని నడుము కింద భాగం చచ్చుబడింది. ఆమె కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత వేలూరు సి.ఎం.సి.లో వికలాంగుల పునరావాస విభాగాన్ని నడిపించారు. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కుర్చీ ఆమెను ఆపలేదు, పనికి తీసుకువెళ్లింది. నడక మళ్లీ వచ్చే అవకాశం ఉన్నవారికి వ్యాయామం చేయిస్తూనే ఉంటాము. ఆలోగా మనిషి లోకాన్ని చూడాలి కదా!

మేము మార్చుకున్నది

ఆ దంపతులు వచ్చి వెళ్లాక మా వార్డులో పద్ధతి మార్చాము. డిశ్చార్జి కాగితం మీద కొలతలు రాస్తున్నాము. ఇంటికి ఎన్ని మెట్లు, తలుపు ఎంత, బండి ఏమిటి, ఎవరు చూసుకుంటారు అని అడుగుతున్నాము. మా దగ్గరున్న రెండు రకాల కుర్చీలను ఆ మనిషి చేత ఎత్తించి చూస్తున్నాము. రోగిని దింపే ముందు రెండు బ్రేకులూ వేయడం, ఫుట్‌రెస్టులు పైకి మడవడం, వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దింపడం వరండాలోనే నేర్పిస్తున్నాము. టైర్లలో గాలి తగ్గితే తోయడం బరువవుతుంది, బ్రేకు కూడా పట్టదని మరీమరీ చెబుతున్నాము. ఇందుకు అయ్యేది అరగంట. ఆ అరగంట లేదని ఇన్నేళ్లు ఎలా అనుకున్నామో ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంది.

ఆ రైతు పుండు మానడానికి పదకొండు వారాలు పట్టింది. కొడుకు పాత కుర్చీని వేరొకరికి ఇచ్చి, పదహారు అంగుళాల సీటున్న తేలిక కుర్చీ తెచ్చాడు. సీటు కిందికి ఉంది, ఎడమ మడమ నేలకు ఆనుతోంది. స్నానాల గది తలుపును తీసేసి తెర కట్టుకున్నారు. మెట్ల పక్కన మేస్త్రీ చేత వాలు కట్టించారు. పబ్లిక్ భవనాలకైతే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు వాలు ఉండాలంటారు. వాళ్ల వాకిట్లో అంత స్థలం లేదు, అందుకే వెనుక ఒకరు పట్టుకోకుండా దిగవద్దని చెప్పాము. ఆమె నడుము నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని మేము మాట కూడా ఇవ్వలేదు.

ఈమధ్య చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన ఎడమ కాలితో నేలను తన్నుకుంటూ, వరండాలో ఆమెకంటే ముందే వచ్చేశారు. ఆమె వెనుక నుంచి, "కాస్త నెమ్మదిగా వెళ్లండి, నేను రావద్దా!" అని కేక వేసింది. మా సిస్టర్లంతా నవ్వారు.

పాఠకులారా, మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ వాడకుండా మూలన ఉన్న చక్రాల కుర్చీ ఉంటే దాని మీది బట్టలు తీసి ఒకసారి చూడండి. అది ఎందుకు మూలన పడిందో ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి. కొత్తది కొనబోతుంటే, డబ్బు ఇచ్చేవారు కాదు, రోజూ ఎత్తాల్సినవారు ముందు ఎత్తి చూడండి.